మునిగే బండికి ఇరవై మూడు పాళ్లు

నా తమ్ముడు లారీ బాడీలు కట్టేవాడు. సాలూరులో ఒడిశా వైపు పోయే రోడ్డు పక్కన అతనికి ఒక షెడ్డు ఉంది. నలభై ఒక్క ఏళ్లలో అతని చేతి మీదుగా పోయిన బాడీలు, నీళ్ల ట్యాంకులు, నూనె ట్యాంకులు అన్నీ కలిపి ఆరు వందల పన్నెండు. ఆ లెక్క అతనిది కాదు, నాది. అతను ఎప్పుడూ లెక్క రాసుకోలేదు. పండగలకి మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగి నేనే రాసుకుంటూ వచ్చాను. నేను రాజాంలో ముప్పై మూడేళ్లు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు, తమ్ముడికి అరవై మూడు.

అక్టోబరు ఎనిమిది, ఆదివారం. ఆరాధన అయ్యాక తమ్ముడు చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఫోను నా చేతిలో పెట్టాడు. అందులో ఎవరో విదేశీయుడు ఇంటి వెనక రేకుల పాకలో ఒక ఇనుప పీపా కట్టుకుని, అందులో కూర్చుని, చెరువులోకి మునిగి, మళ్లీ తేలి, చెయ్యి ఊపుతున్నాడు.

"అక్కా, స్కూటరు అమ్ముడైపోనాది. కారు అమ్ముడైపోనాది. ఆకాసంలో ఎగిరే కెమేరా పెళ్లిళ్లకి వచ్చీసినాది. మనిషి సరదాకి ములిగే బండి ఎందుకు అమ్ముడవనేదు?"

"కొనేవాడు లేక" అన్నాను.

"కాదు. సేసేవోడు నేక."

ఇద్దరి జవాబులూ తప్పేనని తేలడానికి చాలా కాలం పట్టింది. ఆ కాలంలో నా తమ్ముడి చేతుల్ని నేను మొదటిసారి దగ్గరగా చూశాను. నేను రాస్తున్నది అందుకే.

అతని ప్రశ్న వెనక సరదా ఒక్కటే లేదు. లారీలు ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి బాడీతో సహా వస్తున్నాయి. షెడ్డుకి నెలకి ఒక పని వస్తే గొప్ప. పాతికేళ్లుగా పనిచేస్తున్న ఇద్దరు వెల్డర్లు మిగిలారు. అరసవల్లిలో లాడ్జి ఉన్న ఒకాయన సముద్రం ఒడ్డున టూరిస్టుల కోసం కాటేజీలు కడుతున్నాడు. నీళ్ల ట్యాంకరు చేయించుకోడానికి షెడ్డుకి వచ్చి, తమ్ముడి ఫోనులో ఈ వీడియో చూసి, "ఇలాంటిది మీరు చేసి మునిగి చూపిస్తే మూడు తీసుకుంటాను" అన్నాడట. మూడు బళ్ల పని అంటే షెడ్డు రెండేళ్లు మూయక్కరలేదు. తమ్ముడు ఆ మాట పట్టుకున్నాడు. షెడ్డు ఉంటుందా పోతుందా అన్నది ఆ పీపా మీద ఆధారపడింది.

మరదలికి ఇది నచ్చలేదు. ఆమె నాకు ఫోను చేసి, "వదినా, ఈయనకి అరవై దాటేక నీటిగండం అవసరమా? మీరు సెప్పండి. మీ మాటే ఇంటారు" అంది. వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "మనం బాప్టిస్టులం. నిండా ములిగి లెగిసినోలం. రెండోసారి ములిగితే ఏటి?"

"అప్పుడు పాస్టరుగారు నడుం పట్టుకున్నారు" అంది మరదలు. "ఇప్పుడెవులు పట్టుకుంటారు?"

మా సంఘంలో ఎవరికి వాళ్లు బాప్తిస్మం ఇచ్చుకోరు. ముంచే చెయ్యి ఒకటి, లేపే చెయ్యి ఒకటి ఉండాలి. చివరికి వాళ్లిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఎంత లోతుకి, ఎంతసేపు దిగొచ్చో అక్క కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అక్క రాయకపోతే దిగడు. అలా ఆ పని నా నెత్తి మీదకి వచ్చింది.

పీపా నాలుగు నెలల్లో తయారైంది. పది మిల్లీమీటర్ల మందం రేకు, అడ్డంగా ఒక మీటరు, పొడుగు రెండు మీటర్లు. రెండు చివర్లా ట్యాంకరుకి పెట్టే గుండ్రటి డిప్పలు. పైన మనిషి తల పట్టే గొట్టం, దానికి చుట్టూ నాలుగు చిన్న కిటికీలు. పక్కల రెండు డ్రమ్ములు. వాటిలోకి నీళ్లు వదిలితే బండి మునుగుతుంది, గాలి ఊదితే నీళ్లు బయటికి పోయి తేలుతుంది. ఆ గాలికి అతను వాడింది లారీ బ్రేకుల గాలి సిలిండరే. వెనక చిన్న మోటారు, దానికి నాలుగు లారీ బ్యాటరీలు. కొత్త వస్తువు ఒక్కటీ కొనలేదు. చూసినంతసేపూ నాకు అది నీళ్లలోకి దారి తప్పిన లారీలాగే కనిపించింది.

అతుకుల్ని అతను పరీక్షించిన పద్ధతి చెప్పాలి. లోపలి వైపు అతుకంతా సున్నం పూసి ఆరబెట్టాడు. బయటి వైపు కిరసనాయిలు రాశాడు. సూది మొన అంత సందు ఉన్నా కిరసనాయిలు పాకి సున్నం మీద మచ్చ పడుతుంది. మొత్తం అతుకు పొడవు కొలిచాను. పదిహేడు మీటర్లు. టార్చిలైటు పట్టుకుని రెండు గంటలు చూస్తే రెండు మచ్చలు దొరికాయి. రెండూ పెసరగింజ కంటే చిన్నవి. అతను ఆ రెండింటినే కాక వాటి చుట్టూ జానెడు మేర గ్రైండరుతో కోసేసి మళ్లీ అతికాడు. "జానెడెందుకురా?" అంటే, "అక్కడ నా సెయ్యి అలిసిపోనాదని అర్థం. అలిసిన సెయ్యి మచ్చ దగ్గరే ఆగదు కదా" అన్నాడు. నా దగ్గర లెక్క తప్పిన పిల్ల తప్పిన అంకె ఒక్కటే కొట్టేసి దిద్దుకునేది. ముప్పై మూడేళ్లలో ఒక్కరూ జానెడు ముందు నుంచి మళ్లీ చేసి చూపించలేదు.

అయినా ఆరు వందల బాడీలూ ట్యాంకులూ కట్టిన మనిషి మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాడు. మూత చుట్టూ ఎనిమిది బోల్టులు చక్కగా బిగించాడు. నేను నిచ్చెనెక్కి చూసి, "ఈ బోల్టులు ఎవరు విప్పుతారు?" అని అడిగాను.

"క్లీనరు ఇప్పుతాడు" అన్నాడు, ఆలోచించకుండా.

"నీళ్లలో క్లీనరు ఎక్కడుంటాడు?"

అతను నిచ్చెనెక్కి ఒక బోల్టు మీద వేలు పెట్టాడు. వెల్డర్లిద్దరూ పని ఆపేశారు. ట్యాంకు మూత ఎప్పుడూ బయట నుంచే తీస్తారు. లోపల ఉండేది నీళ్లో నూనో కనుక తలుపు తియ్యమని అడగదు. "లోపల మనిషుంటాడని నా సేతులికి తెలీదక్కా" అన్నాడు చివరికి. బోల్టులన్నీ కోసేశాడు. లోపల నుంచి ఒక్క చేతితో తిప్పితే తెరుచుకునే చక్రం పెట్టడానికి మరో నెల పట్టింది.

తరవాత బరువు. ఇనుప పీపా కదా, వదిలితే దానంతటది మునిగిపోతుందని షెడ్డులో అందరి నమ్మకం. లారీలు తూచే వే బ్రిడ్జి మీదకి ఎక్కించి తూయించాను. వెయ్యీ ఇరవై కిలోలు. తమ్ముడు అరవై ఎనిమిది. పీపా నీళ్లలో ఆక్రమించే చోటు పంతొమ్మిది వందల లీటర్లు, అంటే పంతొమ్మిది వందల కిలోల మంచినీళ్లు. వెయ్యీ ఎనభై ఎనిమిది పోతే ఇంకా ఎనిమిది వందల పన్నెండు కిలోలు వేస్తే తప్ప అది మునగదు.

"ఇంత ఇనుముకి ఇంకా ఇనుమా?" అన్నాడు పెద్ద వెల్డరు. పాత బ్రేకు డ్రమ్ములు, విరిగిన కమాను పట్టీలు లోపల అడుగున పేర్చారు. ఆ రోజే నాకు ఒక సంగతి అర్థమైంది. స్కూటరుని ఒక మనిషి తోసుకుపోగలడు, పడవని నలుగురు మోసుకుపోగలరు. మునిగే బండి మాత్రం తాను పక్కకి తోసే నీళ్లంత బరువూ ఉండి తీరాలి. చిన్నది చేద్దామంటే మనిషి పట్టడు. మనిషి పట్టేట్టు చేస్తే దాదాపు రెండు టన్నులు. మేడ కింద స్కూటరు పక్కన పెట్టుకునే వస్తువు కాదు.

కాగితాల సంగతీ అంతే. లారీ మనిషి కనుక తమ్ముడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, పర్మిట్టు, నంబరు ప్లేటు లేకుండా బండి కదలకూడదనుకుంటాడు. మూడు ఆఫీసులు తిరిగాడు. రోడ్డు బళ్లు చూసే చోట ఇది రోడ్డు మీద తిరగదు కదా అన్నారు. పడవలు చూసేవాళ్లు ఇది తేలదు కదా అన్నారు. మూడో చోట టీ ఇచ్చి, ఫోటో తీసుకుని పంపించారు. "నాది బండీ కాదు, పడవా కాదు. మరేటి?" అని దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ ఇరవై ఏడు, శనివారం. రాజాం దగ్గర వదిలేసిన రాతి క్వారీ గొయ్యిలో వాననీళ్లు ఉన్నాయి. అక్కడ పీపాలో మనిషికి బదులు ఇసుక మూటలు వేసి, మూత మూసి, క్రేనుతో తొమ్మిది మీటర్ల లోతుకి దింపి మూడు గంటలు ఉంచాం. తీసి చూస్తే మోటారు తీగ దూర్చిన కన్నం దగ్గర టీ గ్లాసుడు నీళ్లు. ఆ కన్నం మూసి మళ్లీ మూడు గంటలు దింపాం. పొడిగా వచ్చింది. అప్పుడు కాగితం తీసుకుని రాశాను. లోతు అయిదు మీటర్లు. సమయం ఇరవై నిమిషాలు, ఎందుకంటే లోపలి గాలి అయిపోయే లోపే మనిషి వదిలిన ఊపిరి దాన్ని పాడు చేస్తుంది. తాడు కట్టి తీరాలి. అయిదు మీటర్ల లోతులో ఆ మూత మీద పడే బరువు డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు పంతొమ్మిది పేర్చినంత అని కూడా రాశాను. కింద పెట్టిన సంతకం వంకరగా వచ్చింది. పెన్షను కాగితాల మీద కూడా నా సంతకం ఎప్పుడూ వంకర పోలేదు.

అసలు పరీక్ష వానలూ ఏటి వరదలూ తగ్గాక, సముద్రం ఒడ్డున ఒక చేపల ఊళ్లో. నవంబరు ముప్పై, శనివారం, అమావాస్య. ఆ ఊళ్లో అమావాస్య నాడు వేటకి పోరు కనుక సాయానికి మనుషులు దొరుకుతారు. ఊరి పక్కన నాగావళి సముద్రంలో కలిసే చోట అయిదు మీటర్ల మడుగు ఉంది. ఊరి పెద్ద, అందరూ పెద్ద మావ అని పిలిచే ముసలాయన, తమ్ముడికి సాలూరు మీదుగా చేపల లారీలు పోయే రోజుల నుంచీ ఎరిక.

ఉప్పునీరు మంచినీటి కంటే బరువు. సముద్రంలో ఈ పీపా మునగాలంటే క్వారీలో కంటే నలభై ఏడు కిలోలు ఎక్కువ కావాలి. ఇంట్లోనే లెక్కకట్టి ఇసుకని తూచి మూటలు కట్టించి తెచ్చాను. వాటిని లోపలికి అందిస్తుంటే పెద్ద మావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"టీచరమ్మా, ఈ నీరు సూసేవా?"

"చూశాను. అయిదు మీటర్లు."

"నోతు కాదు. నీరు."

అతను మోకాలి లోతుకి దిగి, దోసిట నీళ్లు తీసుకుని, నోట్లో పోసుకుని, కాసేపు ఉంచి ఉమ్మేశాడు. కొంచెం అవతలికి పోయి మళ్లీ అలాగే చేశాడు.

"సప్పగున్నాది. మూడొంతులు ఏరే. పోటు ఇంకా ఎక్కనేదు. నీ మూటలన్నీ ఎట్టీసినావంటే మీ తమ్ముడు ఎల్లి బురదలో కూకుంటాడు."

నేను సముద్రం అని రాసుకున్నాను. నిలబడింది ఏటి మొగలో. సముద్రపు లెక్క ఏటి నీళ్లకి కట్టాను. మూడొంతులు ఏరయితే నలభై ఏడులో నాలుగో వంతే, పన్నెండు కిలోలు. మిగిలిన మూటలన్నీ పక్కన పెట్టించాను. ఆ నీళ్లు ఒక లీటరు సీసాలో పట్టుకుని ఆ రాత్రి ఇంటికి తెచ్చి, వంటింటి కాటా మీద కుళాయి నీళ్లతో సరిపోల్చాను. ఆరు గ్రాములు ఎక్కువ తూగింది. నిండు సముద్రమైతే పాతిక గ్రాములు ఎక్కువ తూగాలి. ఆరు అంటే పావు వంతే. పెద్ద మావ నాలుక ఒక్క గ్రాము కూడా తేడా రానివ్వలేదు. నేను ఎవరికీ తేలిగ్గా నూటికి నూరు వేసే మనిషిని కాదు.

పీపాని ఒడ్డు మీద నుంచి తాటిదుంగల మీద దొర్లించి నీళ్లలోకి దింపారు. మోకు పట్టుకున్నవాళ్లు ఇరవై ముగ్గురు. పదమూడు మంది మగవాళ్లు, తొమ్మిది మంది చేపలమ్మే ఆడవాళ్లు, ఒకరు మా మరదలు. ఆమె వద్దు వద్దు అంటూనే ముందు వరసలో నిలబడింది. నేను గడియారం పట్టుకున్నాను.

తమ్ముడు లోపలికి దిగే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పెద్ద మావ కొబ్బరికాయ కొట్టాడు. మూత పడింది. పక్క డ్రమ్ముల్లోకి నీళ్లు గుడగుడమని పోయాయి. కిటికీలో అతని ముఖం ఒకసారి పచ్చగా కనిపించి పోయింది. సరిగ్గా ఎనిమిదీ పన్నెండు.

నీళ్ల మీద ఏమీ లేదు. మోకు మెల్లగా జారుతోంది. మరదలు నా వైపు తిరగకుండానే, "ఎంతయ్యింది వదినా?" అని అడుగుతోంది. ఒకటి, రెండు, మూడు. నేను చెప్పిన ప్రతి అంకె తరవాతా ఆమె మోకుని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. ఆ నాలుగు నిమిషాల్లో నేను అన్ని లెక్కలూ మొదటి నుంచి మళ్లీ కట్టాను. ఎనిమిదీ పదహారుకి పన్నెండు మీటర్ల అవతల బుడగలు లేచాయి. తరవాత గొట్టం. తరవాత మూతలోంచి ఒక చెయ్యి. పెద్ద మావ, "తేలినాదిరా" అన్నాడు, అదేదో తన పడవే అన్నట్టు.

"ఏటి కనిపించినాది?" అని మరదలు అడిగింది.

"మొదట పచ్చగా. తర్వాత నల్లగా. ఒక పీత" అన్నాడు తమ్ముడు. అతని ముఖం నేను అరవై మూడేళ్లుగా చూస్తున్నాను. ఆ రోజున్నట్టు ఎప్పుడూ లేదు.

పీపాని మళ్లీ ఒడ్డుకి లాగాక, మరదలు టీ పోస్తుంటే పెద్ద మావ ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"పాలేటి మరి?" అన్నాడు.

"పాలు నేవు మావా, నల్ల టీయే" అంది మరదలు.

ఇరవై ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. మేం మెట్టవాళ్లం. పాలు అంటే మాకు గేదె పాలే. ఆ ఊళ్లో పాలు అంటే వాటా. పెద్దవల లాగిన రోజు మోకు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ, పిల్లకీ జెల్లకీ, చేపల్లో వాటా ఉంటుంది. వల ఎవరిదన్నది వేరే సంగతి. చెయ్యి వేశాక వాటా ఇవ్వకపోతే రేపు ఎవడూ మోకు పట్టడు.

"ఇందులో సేపల్నేవు మావా" అన్నాడు తమ్ముడు. "ములగడమే ఉన్నాది."

"అయితే అదే పెట్టు" అన్నాడు పెద్ద మావ.

తమ్ముడు నా వంక చూశాడు. ఇరవై ముగ్గురికి కొత్త లెక్క కావాలి. వాళ్లకి బండి నడపడం రాదు, లోపల ఒక్కరికే చోటు. అందుకని మోటారు ఆపేసి, బావిలోకి చేద దింపినట్టు తాడుతో మూడు మీటర్లు దింపి పది నిమిషాలకి లాగెయ్యాలని రాశాను. లోపల నుంచి ఒక దెబ్బ కొడితే బాగున్నాను, రెండు కొడితే లాగండి. ప్రతి మనిషినీ చేపల కాటా మీద తూచి, తేడా ఎంతో అంత ఇనుము తీసో వేసో దింపాలి. ఆయాసం, మూర్ఛ ఉన్నవాళ్లెవరో ముందే అడగాలి. ఎక్కించి, దింపి, గాలి మార్చడానికి మనిషికి అరగంట. రోజుకి పదకొండు మంది. డిసెంబరు ముప్పై అమావాస్యకి పదకొండు, జనవరి ఇరవై తొమ్మిది అమావాస్యకి పదకొండు.

చేపలమ్మే ఒకామె పైకి వచ్చి చీర సర్దుకుంటూ, "నలభై ఏళ్లు సేపలమ్మేను. ఆటి ఇల్లు ఇయాలే సూసేను" అంది.

"ఎలాగున్నాది?"

"సీకటి."

ఇంకొకడు దిగీ దిగగానే రెండు దెబ్బలు కొట్టాడు. లాగితే, "దోమ కుట్టినాది, కొట్టుకున్నాను. మళ్లీ దించండి" అన్నాడు. పెద్ద మావ తన పది నిమిషాలూ నిమిషానికి ఒక దెబ్బ చొప్పున కొట్టాడు. పైకి వచ్చాక, "అరవై ఏళ్లు దీని మీద తిరిగేను. ఇది నా మీద తిరగడం ఇదే మొదలు" అని చాలాసేపు ఇసుకలో కూర్చుండిపోయాడు.

పైకి వచ్చిన ప్రతి మనిషినీ నేను ఒకే ప్రశ్న అడిగి రాసుకున్నాను. "మళ్లీ దిగుతావా?" ఇరవై ఇద్దరిలో ఇరవై మంది, "సూసేను. సాలు" అన్నారు. మళ్లీ దిగుతామన్నది ఇద్దరు. ఒకడికి వల ఎక్కడ చిక్కుకుంటోందో చూడాలట. రెండోవాడు భయంతో పది నిమిషాలూ కళ్లు మూసుకున్నాడట.

ఇరవై మూడో పాలు మరదలిది. "నేను ఒక్కదాన్నే దిగను" అంది. అది అలాగే ఉండిపోయింది.

జనవరి ఇరవై తొమ్మిదిన లాడ్జి ఆయన వచ్చాడు. వరసలో నిలబడిన జనాన్ని, నవ్వుల్ని చూసి ఆయన ముఖం వెలిగింది.

"ఎంత గిరాకీ ఉందో చూడండి మేడమ్" అన్నాడు నాతో.

ఆఖరి మనిషి పైకి వచ్చాక నోటుబుక్కు చూపించాను. ఇరవై సాలు, రెండు మళ్లీ. ఆయన నవ్వి, "మాకు రోజూ కొత్తవాళ్లే వస్తారు కదా" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఆయన చెడ్డ వ్యాపారి కాడు. తమ్ముడి వైపు తిరిగి, "గెస్టు తాళం తీసుకుని ఒక్కడే వెళ్లి రాగలడా, బోటులాగ?" అని అడిగాడు.

"రాగలడు. ఒడ్డున ఇరవై ముగ్గురుండాల."

"కొంచెం తగ్గించండి."

"ట్రాక్టరెడితే పన్నెండు."

"ఇంకొంచెం."

"నీటిని తగ్గించమనండి బాబూ, మనుషుల్ని తగ్గిస్తాను" అన్నాడు తమ్ముడు. మోకు దగ్గరున్నవాళ్లు నవ్వారు. లాడ్జి ఆయన కూడా నవ్వాడు. తరవాత, "సరే, మనుషుల్ని నేను పెట్టుకుంటాను. మూడు చెయ్యండి. ఎన్ని మీటర్లు, ఎన్ని నిమిషాలు అన్నది మేడమ్ రాసిస్తే ఒడ్డున బోర్డు పెట్టేస్తాను" అన్నాడు.

అందరూ నా వంక చూశారు. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ నేల వంక చూస్తున్నాడు. రాయమనీ అనలేదు, రాయొద్దనీ అనలేదు. మూడు బళ్లు, రెండేళ్ల షెడ్డు, ఇద్దరు వెల్డర్లు. నేను ఒక్క గీత గీస్తే చాలు. మూడు మీటర్లు, పది నిమిషాలు. ఆ అంకె తప్పు కూడా కాదు.

కానీ ఆ ఇరవై ఇద్దరి బరువులూ నా దగ్గర ఉన్నాయి. వాళ్లు ఒక దెబ్బ అంటే ఒక దెబ్బే కొడతారు. ఒడ్డున మోకు పట్టుకున్నది అన్నో, వదినో, వియ్యంకుడో. నీళ్లు మారితే పెద్ద మావ నాలుక చెబుతుంది. సెలవుకి వచ్చి, భోజనం చేసి, ఇంకేదైనా కూడా తాగి, సరదాగా మూతలోకి దిగే మనిషి గురించి నాకేం తెలుసు? అతనికి నేను ఏ అంకె రాసినా అది అతని గురించి రాసినది కాదు.

"నేను తూచిన మనిషికి రాస్తాను. తూచని మనిషికి రాయలేను" అన్నాను.

"తూచే రాద్దాం మేడమ్. కాటా పెడతాను."

"రోజూ నేను వచ్చి తూస్తానా?"

ఆయన తమ్ముడి వైపు చూశాడు. "ఇంకెవరైనా ఇంజనీరు చేత రాయిస్తాను. మీరు చేసిపెట్టండి చాలు."

తమ్ముడు చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అక్క రాయనిది నేను అమ్మను బాబూ" అన్నాడు. అది నా వంక చూడకుండా అన్నాడు.

లాడ్జి ఆయన మర్యాదగానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ముగ్గురం వ్యానులో రాజాం తిరిగి వచ్చాం. కొనేవాడు ఉన్నాడు, చేసేవాడు ఉన్నాడు. మధ్యలో నేను అడ్డం పడ్డాను. ఇలాంటి బళ్లు చేసిన ప్రతి చోటా ఎవరో ఒకరు నాలాగే పెన్ను పట్టుకుని ఆగిపోయి ఉంటారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అనుకున్నంత మాత్రాన ఆ సాయంత్రం బరువు తగ్గదు.

తమ్ముడు పంతొమ్మిది రోజులు ఫోను చేయలేదు. సగం షెడ్డు పాత టైర్లకి రీట్రెడింగు చేసేవాళ్లకి ఇచ్చేశాడని, చిన్న వెల్డరు వాళ్ల దగ్గరే చేరాడని మరదలు చెప్పింది.

ఫిబ్రవరి పదిహేడు, సోమవారం, పొద్దున్న ఆరున్నరకి ఫోను మోగింది.

"అక్కా, రెండు మీటర్ల పీపాని రెండుంపావు సేసి, ఇద్దరు కూకుంటే ఎంతసేపుండొచ్చు?"

"ఎవరెవరు?"

"నేనూ, ఇదీ. ఇది ఒక్కర్తే దిగనంటాది. పాలు వదులుకోమంటే వదులుకోనంటాది."

"అమ్మడానికా?"

"ఎవులికి? ఒక పాలు మిగిలిపోనాది కదా. ఊర్లో మాట పోతాది."

తమ్ముడి గొంతులో కోపం లేదు. రేకు ఎక్కడ కోయాలో, రెండో కుర్చీ ఏ లారీది పీకాలో చెబుతున్నాడు. అరవై మూడేళ్ల మనిషి, సగం షెడ్డు పోయినవాడు, ఒక్క మనిషికి బాకీ ఉన్న పది నిమిషాల కోసం పీపాని మధ్యకి కోసి పొడిగిస్తానంటున్నాడు. నేను కాగితం తీసుకున్నాను. పీపా పెరిగింది పావు మీటరే, ఊపిరి మాత్రం రెట్టింపు. ఇరవై నిమిషాలు సగానికి సగం, పది. పొడుగు పెరిగింది కనుక ఇనుము లెక్క మొదటి నుంచి కట్టాలి.

"నీది అరవై ఎనిమిది. ఆమె ఎంత?" అన్నాను.

ఫోను మరదలి చేతిలోకి మారింది. తలుపు వేసిన చప్పుడు, తరవాత ఇంకో తలుపు. ఆమె నాకు అంకె చెప్పింది, గుసగుసగా.

"వదినా, ఇది ఆయనకి సెప్పీకండి."

"చెప్పకపోతే ఇనుము ఎలా వేస్తాడమ్మా?"

"ఇనుమెంతో అది సెప్పండి. నేనెంతో సెప్పీకండి."

"తీసివేస్తే తెలిసిపోతుంది కదా."

"ఆయనకి తీసివేతలు రావని మీరే కదా సెప్పేరు."

మధ్యాహ్నానికి లెక్క పూర్తి చేసి, వేయాల్సిన ఇనుము ఎంతో తమ్ముడికి పంపాను. అతను ఎలా వచ్చిందని అడగలేదు. మరదలి బరువు నా నోటుబుక్కులో ఉంది. ఇక్కడ రాయను.